వదిన దంచిన పెంకు

మా ఇంట్లో మట్టి తొక్కి ముద్దలు చేసేది నేను, సారె మీద కుండ లేపేది మా వదిన, బజారులో అమ్ముకొచ్చేది మా ఆయన. వదిన అంటే మా ఆయనకు అక్క. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో నేను చేసిన మొదటి కూజాను అటూ ఇటూ తిప్పి చూసి, "మరదలా, ఇది కూజానా, మెట్ల మీంచి పడ్డ గుమ్మడికాయా?" అంది. నేను మూతి ముడుచుకుంటే పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి నేర్పింది. మా అమ్మ దగ్గర కూడా లేని చనువు నాకు ఆవిడ దగ్గర ఉంది.

అలాంటి వదిన కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. కుండ గోడ బాగానే లేచేది, తీరా అంచు తీసే సమయానికి వేళ్లు అదిరేవి, అంచు చిరిగిపోయేది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఇక సారె జోలికి పోవద్దన్నాడు. ఆ రోజు వదిన అన్నం ముట్టలేదు. పని పోతే ఈ మనిషి బతకదని నాకు తెలుసు.

ఆ వారంలోనే పక్క వీధిలో పునాదులు తవ్వుతుంటే, మనిషి పట్టేంత బాన ఒకటి ముక్కలుగా బయటపడింది. వేల ఏళ్ల నాటిదట. చనిపోయినవాళ్లను మోకాళ్లు ముడిచి అందులో కూర్చోబెట్టి పాతిపెట్టేవారట. మ్యూజియం వాళ్లు ముక్కలన్నీ పట్టుకుపోయారు గానీ, మేస్త్రి ఒక పెంకు దాచి వదిన చేతిలో పెట్టాడు, కుండలు చేసేవాళ్లకు ముచ్చటగా ఉంటుందని. పెంకు లోపలి వైపు నాలుగు వేళ్ల గీతలు ఉన్నాయి. ఎక్కడా తొట్రుపాటు లేదు. వదిన తన వేళ్లు ఒక్కొక్కటిగా ఆ గీతల్లో పెట్టింది.

"ఎంత నిదానం చూడవే ఈ చేతికి," అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి.

పగిలిన కుండల పెంకులు దంచి, ఆ పొడి కొత్త మట్టిలో కలపడం మాకు అలవాటే. అలా కలిపితే కాల్చేటప్పుడు కుండ బీటలు వారదు. మర్నాడు నేను పెరట్లోకి వెళ్లేసరికి వదిన ఆ పాత పెంకును రోట్లో వేసి దంచుతోంది.

"వదినా, అది చచ్చినవాళ్లది కదా."

"బాన చచ్చినవాళ్లది. చెయ్యి కుమ్మరిది. ఆ చెయ్యి నాక్కావాలి. నువ్వు తొక్కు."

తొక్కాను. ఆ పొడి కలిపిన మట్టి మామూలు కంటే చల్లగా ఉంది. కిందనుంచి ఏదో నా అరికాళ్లను పైకి నెడుతున్నట్టు అనిపించింది. నా పిరికితనానికి నాకే నవ్వొచ్చింది.

ఆ మట్టి ముట్టుకున్న దగ్గర్నుంచి వదిన చెయ్యి వణకలేదు. మా ఆయన సంబరపడిపోయాడు. నేనూ పడ్డాను, అబద్ధమెందుకు. కానీ ఆవిడ కూజాలు మానేసి బానలే చేయసాగింది. చేసినదాన్ని పడగొట్టి, అదే మట్టితో ఇంకాస్త పెద్దది మొదలుపెట్టేది. నన్ను ఆటపట్టించడం కూడా మానేసింది. ఒక్కసారి మాత్రం తల ఎత్తకుండానే, "నేను ముడుచుకుని కూర్చుంటే ఎంత చోటు పడుతుందే?" అని అడిగింది.

ఒక రోజు మధ్యాహ్నం ముసురు పట్టింది. మా ఆయన బజారులో ఉన్నాడు. కరెంటు పోయింది. వదినకు టీ పట్టుకుని రేకుల షెడ్డులోకి వెళ్లాను. లోపలంతా మసక. ఎప్పుడూ ఉండే తడిమట్టి వాసన లేదు. ఎన్నాళ్లో మూసిపెట్టిన గది తలుపు తీస్తే ముక్కుకు కొట్టే వాసన... పైన రేకుల మీద వాన, కింద సారె తిరుగుతున్న చప్పుడు.

మాది మోటారు సారె.

బాన వదిన గడ్డం దాకా లేచి ఉంది. ఆవిడ రెండు చేతులూ భుజాల వరకు అందులోనే ఉన్నాయి.

"వదినా..."

"మెల్లగా మాట్లాడు. గోడ చెదురుతుంది."

"చేతులు తియ్యి వదినా."

"తీయలేనే... పట్టుకున్నారు."

గ్లాసు ఎక్కడ పడేశానో తెలియదు. ఆవిడ భుజాలు పట్టి ఒక్క గుంజు గుంజాను. బురదలోంచి కాలు లాగినట్టు చేతులు బయటికొచ్చాయి. ఆవిణ్ణి పీట మీద నా వైపు తిప్పి, ఆ రెండు చేతులనూ నా గుండెలకు అదుముకున్నాను. చల్లగా ఉన్నాయి. అయినా సారె ఆగలేదు. బాన గోడ ఇంకా పైకి లేస్తోంది. ఎవరి చేతులూ లేవు. గోడ మీద వేళ్ల గీతలు మాత్రం పడుతున్నాయి...

కాలెత్తి తన్నాను. పచ్చి గోడ మెత్తగా కుప్పకూలింది. సారె ఆగింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. అయిపోయిందనుకున్నాను.

వదిన గుసగుసగా అడిగింది. "నా చేతులు రెండూ నీ దగ్గరే ఉన్నాయి కదే?"

"ఉన్నాయి వదినా."

"మరి నా వీపు మీద ఆ తడి చెయ్యి ఎవరిది?"

వంగి చూశాను. రవిక కింద, నడుము పైన, నాలుగు గీతలు. ఒంటికి అంటిన మట్టి గీతల్లా లేవు. పచ్చి మట్టిలోకి వేళ్లు దిగినట్టు చర్మం లోపలికి పోయి ఉంది. అరచేత్తో రుద్దాను. పైకి రాలేదు.

"పద... బయటికి పోదాం పద."

వదిన లేవలేదు. కుడి చెయ్యి నా పట్టులోంచి విడిపించుకుని, మొహం ముందు పెట్టుకుని చూసుకుంది. ఆ చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు.

"కాసేపు ఉండనీయవే," అంది, చిన్నపిల్లలా బతిమాలుతూ. "అంచు ఇంకా తీయలేదుగా..."

నా అరచేతి కింద ఇంకో గీత నెమ్మదిగా సాగింది. ఆవిడ కూర్చున్న నాలుగు కాళ్ల చెక్కపీట, నేలను గీసుకుంటూ, తిరగడం మొదలుపెట్టింది.