ముద్ర లేని పోటులెక్క

ఏడోసారి కూడా పోటులెక్క లోడ్ కాలేదు. ఎస్తేరు తెర మీది ఎర్ర వరుసను మళ్లీ చదివింది: ఈ మాడ్యూలు పాత ఇంటర్‌ప్రెటర్ కోసం తయారైంది.

ఆ ఉదయమే, సముద్రపు పోటును ఆపే పోటుగోడ పొడవునా, కాలవల తలుపులు మూసి తెరిచే పన్నెండు స్టేషన్లలోనూ స్క్రిప్టులను నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను మార్చేశారు. స్క్రిప్టులన్నీ నడుస్తున్నాయి. తలుపులు ఎప్పుడు మూయాలో చెప్పే పోటులెక్క ఒక్కటే స్క్రిప్టు కాదు. వేగం కోసం ఎవరో ఎప్పుడో సి భాషలో రాసి తగిలించిన ముక్క. దాన్ని మళ్లీ కంపైల్ చెయ్యాలి, అంటే కొత్త ఇంటర్‌ప్రెటర్‌కు సరిపడేలా యంత్రభాషలోకి మార్చాలి. ఆ హక్కు, కోడును పరీక్షించి ముద్ర వేసే రాజధానిలోని ముద్రశాలకే ఉంది. ముద్రశాల మూడు రోజులు ఆగమంది.

పోటు మూడింటికి. ఇప్పుడు పదకొండున్నర.

అదే లెక్కను స్క్రిప్టుతో చేయిస్తే రెండు గంటలు పడుతుంది. ఆలోపు గాలి మారిపోయి ఆ జవాబు పనికిరాదు. తలుపులు ముందే మూస్తే కాలవల నీరు వెనక్కి తన్ని గోడ లోపలి గోగుల్లంకను ముంచుతుంది. ఆలస్యమైతే సముద్రమే లోపలికొస్తుంది. లంకలో తొమ్మిది వందల గడపలు. ఒకటి ఆమెదే.

ఎస్తేరు లేచింది, కిటికీ దాకా వెళ్లింది, మళ్లీ వచ్చి కూర్చుంది. తలుపుల మేస్త్రీ బుల్లబ్బాయి గ్రీజు చేతులతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటమ్మా, తలుపులు మూసే టైము చెప్పలేదు. మావోళ్లు పొద్దుటి నుంచీ కూకున్నారు."

"లెక్క నడవట్లేదు బాబాయ్. ముద్ర మూడ్రోజులకి గాని రాదంట."

"ఆ మాట సముద్రానికి చెప్పారా?"

"సి లో రాసిన సోర్సు మన దగ్గరే ఉంది. కంపైలర్ కూడా ఉంది, చదువుకునేటప్పుడు దింపుకున్నది. ఎవరైనా వాడుకోవచ్చని ఊరికే ఇస్తారు. కానీ ముద్ర లేని కోడు ఎక్కిస్తే ఉద్యోగం పోద్ది. కేసు కూడా పెడతారు."

బుల్లబ్బాయి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "ఎక్కించమనీ అనను, వద్దనీ అనను. రెండింటి లోపల టైము చెప్పమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

ఆమె తన పాత లాప్‌టాప్ తెరిచింది. మొదటిసారి కంపైలర్ హెడర్ ఫైలు దొరకలేదంది. కొత్త ఇంటర్‌ప్రెటర్‌లోంచి తెచ్చిపెట్టింది. తర్వాత రెండు ఫంక్షన్ల పేర్లు మారాయంది. మార్చింది. ఆపైన గణిత లైబ్రరీని జోడించడం మరిచిపోయింది. అదీ జోడించాక పన్నెండున్నరకు ఫైలు తయారైంది.

కిందటేడు పోటు కొలతలతో నడిపి చూసింది. పోటు ఎత్తు జానెడు తక్కువొచ్చింది.

సోర్సంతా పైనుంచి చదివింది, తప్పు లేదు. కంపైలర్‌కు ఇచ్చిన ఆదేశాన్ని చదివింది. వేగం కోసమని తానే చేర్చిన ఆప్షన్ దశాంశాలను కుదించేస్తోంది. దాన్ని తీసేసి మళ్లీ కంపైల్ చేసింది. ఈసారి కొలతలు సరిపోయాయి. మరో నాలుగు పోట్లతో చూసింది. అవీ సరిపోయాయి.

స్టేషన్ కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే ఒక గడి అడిగింది: ముద్ర వేసినవారు? పాత ముద్ర నంబరు ఆమెకు కంఠతా వచ్చు. వేస్తే నెలాఖరు తనిఖీ దాకా ఎవరికీ తెలియదు. ఆమె 'నేలపూడి ఎస్తేరు' అని రాసింది.

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. రెండూ పదికి తలుపులు మూయాలి. ఆమె కిందికి కేకేసి చెప్పింది.

వెంటనే ఫోను మోగింది. పక్క స్టేషన్ నుంచి వరహాలు.

"మీకు టైము వచ్చిందని మ్యాపులో చూపిస్తందండి. ఎలాగండి? మాకు పోటులెక్క లోడవట్లేదు."

మ్యాపులో మిగతా పదకొండు స్టేషన్లూ టైము రాలేదన్న పసుపు రంగులోనే ఉన్నాయి. తానొక్కతే తప్పు చేసినట్టుంటే క్షమించమని అడగొచ్చు. అందరికీ పంచితే ఆ దారీ ఉండదు. ఎస్తేరు సోర్సు, మార్చిన వరుసలు, ఆదేశాలు, కంపైలర్ అన్నీ పదకొండు చోట్లకూ పంపింది. కింద రాసింది: "నా ఫైలు నమ్మొద్దు. మీరే కంపైల్ చేసుకోండి. కిందటేడు పోటుతో సరిచూసుకోండి. ముద్ర గడిలో మీ పేరే రాయండి."

ఒకటిన్నరకు ఒక స్టేషన్ ఆకుపచ్చగా మారింది. గడిలో వరహాలు పేరు. తర్వాత వెంటవెంటనే ఇంకో మూడు పేర్లు. ముద్రశాల నుంచి ఆజ్ఞ వచ్చింది: ముద్ర లేని కోడును తక్షణం తొలగించండి. ఎవరూ తొలగించలేదు. రెండింటికల్లా పన్నెండు పేర్లూ ఉన్నాయి. వేళకు పన్నెండు చోట్లా తలుపులు మూసుకున్నాయి.

మూడింటికి సముద్రం వచ్చి గోడను తాకి ఆగిపోయింది. గచ్చు అదిరింది. రాజధాని నుంచి, ముద్రశాల నంబరుతో ఫోను మోగింది.

ఎస్తేరు ఫోను తీసింది.

"చెప్పండి. మీ దగ్గర రాసుకోడానికి కాగితం ఉందా? మూడ్రోజులు అక్కర్లేకుండా కంపైల్ చేసే విధానం చెప్తాను."