టాయిలెట్ గోడ మీది పుట్టినరోజులు

బుధవారం పొద్దున్నే హిల్కే రొట్టెముక్కలకి వెన్న రాసి, పైన చాక్లెట్ పలుకులు చల్లుతోంది. భర్త షూర్డ్ సైకిలు టైరుకి గాలి కొట్టి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. బుధవారం బడి ఒంటిపూటే. మధ్యాహ్నం మనవరాల్ని కనిపెట్టుకుని ఉండడానికి హిల్కే తల్లి రీమ్కే అప్పుడే వచ్చి, కాఫీ ముందేసుకుని కూర్చుంది. పదకొండేళ్ళ నింకే మాత్రం తిండి సంగతి వదిలేసి, రంగుకాగితం చుట్టిన పొట్లాన్ని సంచిలో కుక్కుతోంది.

"ఎవరికే ఆ బహుమతి?" అంది హిల్కే.

"లోటాకి. ఒంటిగంటకి ఈతకొలను దగ్గర కలుస్తున్నాం. అమ్మమ్మా, నువ్వు రావద్దు. నేనే వెళ్ళొస్తా."

"లోటా ఎవరు?"

"డౌవ తాతయ్య మనవరాలమ్మా! ఇవాళ తన పుట్టినరోజు."

రీమ్కేకి కాఫీ పొలమారింది. "మా తమ్ముడికి మనవరాలా? వాడు పెళ్ళే చేసుకోలేదు కదే! ఆ పడవ తప్ప వాడికి సంసారమెక్కడిది?" అంటూ పకపకా నవ్వింది.

హిల్కేకి నవ్వు రాలేదు. "నీ ఫోన్ ఇటివ్వు" అంది.

"అమ్మా, అదీ..."

"ఇవ్వమన్నానా!"

మూడు వారాల కబుర్లున్నాయి అందులో. మొదట గుర్రాల గురించి, బడిలో టీచర్ల గురించి. తర్వాత నీ గది ఫోటో పంపు, మీ తలుపు ఏ రంగు, అమ్మ ఎన్నింటికి పనికెళ్తుంది. ఆఖర్న, "మా నాన్న కారులో తీసుకొస్తాడు. ఇంట్లో చెప్పకు." చదువుతుంటే హిల్కేకి అర్థమైంది. రెండు జడల పిల్ల ఫోటో వెనక కూర్చుని, ఎవడో తన ఇంటి గుమ్మం దాకా వచ్చేశాడు.

షూర్డ్ ఫోన్ లాక్కుని చూశాడు. అంతే, అగ్గి మీద గుగ్గిలమైపోయాడు.

"ఎన్నిసార్లు చెప్పాం నీకు? తెలియనివాళ్ళతో మాట్లాడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పలేదూ? బుర్రుందా అసలు? ఇంక నీకు ఫోన్ లేదు, గీన్ లేదు!"

"తెలియనివాళ్ళు కాదు నాన్నా!" నింకే గొంతు కీచుమంది. "తనకి మన అందరి పుట్టినరోజులూ తెలుసు. అమ్మమ్మది, డౌవ తాతయ్యది, నీది. మన కుక్కపిల్లది కూడా! బయటివాళ్ళకెలా తెలుస్తాయి?"

ఆ ఊళ్ళో చుట్టాల పుట్టినరోజు మరిచిపోతే ఏడాదంతా దెప్పుతారు. అందుకే అందరిళ్ళలోనూ పుట్టినరోజుల క్యాలెండరు ఎవరూ తప్పించుకోలేని చోట, టాయిలెట్ గోడకే వేలాడుతుంది. హిల్కే ఇంట్లోనూ అక్కడే ఉంది.

"కొత్తగా టైల్స్ వేయించాక ఫోటో తీశావు కదే," అంది రీమ్కే మెల్లిగా. "ఎక్కడ పెట్టావది?"

ఆన్‌లైన్‌లో ఇల్లు అలంకరించుకునేవాళ్ళ గుంపొకటి. నలభై వేల మంది సభ్యులు. హిల్కే తన ఫోన్‌లో దాన్ని తెరిచింది. ఆకుపచ్చ టైల్స్, ఇత్తడి కుళాయి, గోడకి క్యాలెండరు. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే, తను ముత్యాల్లా రాసిన పేర్లు, వరసలు, తేదీలు, ఏ ఏడు పుట్టారో కూడా. మూడొందల పన్నెండు మంది మెచ్చుకున్నారు. మొదటివాడు షూర్డే.

"ఛీ! పసిపిల్లలకి వల వేసేవాడికి చేతులెట్లా వచ్చాయి!" రీమ్కే బల్ల మీద అరచేత్తో కొట్టింది. "గోడంతా ఊరికి పరిచింది మీరు, తిట్లు తినేది ఈ పిల్లా? ఇదేం న్యాయం?"

షూర్డ్ మొహం ఎర్రబడింది. ఆ మాటలన్నీ చెరిపేద్దామని ఫోన్ మీద వేలు పెట్టాడు.

"ఆగు!" అని అరిచింది రీమ్కే. "చెరిపేస్తే పోలీసులకి ఏం చూపిస్తావు, నీ కోపమా?"

హిల్కే కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు తల్లీ? ఇన్ని రోజులు?"

నింకే సంచిలోని పొట్లాన్ని పక్కకి నెట్టింది. "లోటా చెప్పింది. 'ఇంట్లో చెబితే నిన్నే తిట్టి, ఫోన్ లాగేసుకుంటారు' అని." తండ్రి చేతిలోని ఫోన్ వంక చూసింది. "నిజమే కదా!"

హిల్కేకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ముక్కూ మొహం తెలియని ఆ దుర్మార్గుడికి తమ ఇంటి తీరు ఎంత బాగా తెలుసు! వాడేం పెద్ద తెలివి వాడలేదు. వీళ్ళ కోపాన్నే నమ్ముకున్నాడు, ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయామెకి.

"తప్పు నీది కాదు. నాది. క్యాలెండరు ఫోటో పెట్టింది నేను. నువ్వు చెప్పుకోలేనట్టు చేసిందీ మేమే. నన్ను క్షమించు."

షూర్డ్ వచ్చి ఫోన్ కూతురి ఒళ్ళో పెట్టాడు. "పోలీసులకి చూపిద్దాం. నేను పక్కనే ఉంటా. తర్వాత ఇది నీదే. నేను అరవకుండా ఉండాల్సింది రా" అన్నాడు.

నింకే ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నిజంగా తిట్టరా?"

"తిట్టం."

"అయితే ఇంకోటి చెప్పాలి." పిల్ల వెక్కిళ్ళు పెట్టింది. "ఒక్కదాన్నే రావాలంటే భయమేస్తే స్నేహితురాల్ని తెచ్చుకోమంది. ఫ్లూరాని రమ్మన్నాను. ఫ్లూరా బడికి రాదివాళ, పంటి డాక్టరు దగ్గరికెళ్ళి, అటునుంచటే ఈతకొలనుకి వెళ్తుంది. వాళ్ళింట్లో చెప్పలేదు."

రీమ్కే గభాల్న లేచింది. షూర్డ్ పోలీసులకి ఫోన్ కలపసాగాడు. హిల్కే కూతుర్ని ఒక చేత్తో గుండెలకి అదుముకుని, రెండో చేత్తో ఫ్లూరా వాళ్ళమ్మ నంబరు నొక్కింది. అవతల గొంతు పలికింది.

"ఫ్లూరా నీ దగ్గరే ఉందా? అమ్మయ్య! దాన్ని వదలకు, అంతా చెబుతాను," అంది హిల్కే కన్నీళ్ళు తుడుచుకుంటూ. "కానీ ముందు నాకు మాటివ్వు. పిల్లని తిట్టనని మాటివ్వు."