నాయిన పిలవని పేరు

దుర్గమ్మ తెల్లారే వాకిలి ఊడ్చి, దీపం ముట్టించి, గోడమీది భర్త ఫొటోకు మందారం పెట్టింది. యాదగిరి పోయి ఆ రోజుకు ఏడాది. భూపాలపల్లిలో ఫోన్ల దుకాణం నడిపే కొడుకు సంపత్ ముందురోజే దేవరుప్పులకు వచ్చాడు. కూతురు కనకలక్ష్మి వంటింట్లో గారెల పిండి కలుపుతోంది. తత్వశాస్త్రంలో ఎమ్మే చేసిన ఆమెకు హైదరాబాదులో పరిశోధనకు సీటొచ్చింది. సోమవారం చేరాలి. సంపత్‌కు అది ఇష్టం లేదు.

“అమ్మా, జర ఇటు రా. నాయిన మాట్లాడుతడు,” అంటూ సంపత్ ఫోన్ తీశాడు. తండ్రి పంపిన పాత వాయిస్ మెసేజ్‌లతో ఏఐలో ఆయన గొంతు తయారుచేయించాడు. ఏది రాసిస్తే అదే పలుకుతుంది.

“ఏమే, బీపీ గోలీలు ఏసుకుంటున్నవా?” అంది ఫోన్.

“ఏసుకుంటున్న,” అంది దుర్గమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

“కనకలక్ష్మీ, గా చదువు చాలు బిడ్డా. అన్న చెప్పినట్టు బీఎడ్ చెయ్యి,” అంది మళ్ళీ ఫోన్.

కనకలక్ష్మి పిండి చేతులతోనే బయటికి వచ్చింది. “గది నాయిన మాట కాదన్నా. నువ్వు రాసిన మాట.”

“నాయిన ఉంటే గదే అంటుండె. ఎన్నడో చచ్చినోళ్ళ పుస్తకాలు పట్టుకొని ఏం చేస్తవే? దునియా ఏడికి పోయింది, మీ తత్వం ఏడున్నది?”

“ఆగుండ్రి,” అంది దుర్గమ్మ. “సంపతూ, మీ నాయిన చెల్లెను ఏనాడన్న పేరు పెట్టి పిలిచిండా?”

సంపత్ తల దించుకున్నాడు. కనకలక్ష్మి అన్నది నానమ్మ పేరు. కన్నతల్లి పేరు పలకకూడదని యాదగిరి బిడ్డను తిట్టేటప్పుడు కూడా అమ్మా అన్న అర్థంలో ‘అవ్వా’ అనే పిలిచేవాడు.

“పోయినోని నోట్ల నీ మాట పెట్టినవు. ఆ గొంతు ఇంటే కడుపు నిండింది. గిప్పుడు భయమైతున్నది. గిది పాపమా బిడ్డా? నీ పుస్తకాలల్ల ఏమన్న ఉన్నదా?”

కనకలక్ష్మి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. “సావంటే ఏందో మస్తుగ రాసిన్రమ్మా. గిసొంటి ఫోన్ గురించి మాత్రం నేను చదివిన దాంట్ల లేదు. మా తత్వం వెనుకబడ్డదన్న మాట నిజమే. గట్లని ఇడిచిపెడితే నువ్వు అడిగినదానికి ఎవరు చెప్పాలె? నేను పోత. ఎవ్వరు వద్దన్నా పోత.”

సంపత్ ఫోన్ పక్కన పెట్టాడు. “పట్నంల ఒక్కదానివి ఎట్ల ఉంటవని పరేషాన్. నా మాట ఇంటలేవని నాయిన గొంతు తెచ్చిన.” కళ్ళు తుడుచుకుని తల్లిని అడిగాడు: “గీ గొంతు తీసెయ్యాల్నా?”

“నాకెట్ల తెలుస్తది? చెల్లె చదువుకొని చెప్పేదాక మూసిపెట్టు.”

“సోమవారం జనగామల రైలు నేనే ఎక్కిస్త,” అన్నాడు సంపత్.

దుర్గమ్మ ఫొటో ముందు విస్తరాకు పరిచి వెనక్కి తిరిగింది. ఏడాదిగా ఆ ఇంట్లో వినపడని పిలుపు ఆమె నోట వచ్చింది.

“మొదటి గారె మీ నాయినకు నువ్వే పెట్టాలె. రా, అవ్వా.”