బెర్నాబే వదిలెళ్ళిన ఆంప్లిఫయర్

మా మెట్ల సందులో ఎడమ చేతి మలుపు దగ్గర ఒక ఇల్లుంది. పొద్దు వాలాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ పోరు. చర్చి వెనక నుంచి చుట్టూ తిరిగి, మోకాళ్ళు పట్టుకుని రొప్పుకుంటూనైనా పోతారు గానీ ఆ మలుపు మాత్రం తిరగరు. అది బెర్నాబే ఇల్లు. మా ఓడరేవు ఊరు ఒలంగాపోలో గిటారు పట్టినవాళ్ళంతా ఒకప్పుడు ఆ గుమ్మం తొక్కినవాళ్ళే.

అక్కడేముందంటే... మోత. తలుపుకి తాళం, లోపల పురుగు కూడా ఉండదు. అయినా సన్నగా — ఊఁ... అని మోత. బెర్నాబే ఇంకా బల్ల ముందు కూర్చుని ఆంప్లిఫయర్ వేడెక్కేదాకా చూస్తున్నాడని జనం అంటారు. అది ఎదురుగా స్తంభం మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ మోత అని నేనంటాను. చీకటి పడ్డాక నేనూ చర్చి వెనక నుంచే పోతాననుకోండి, అది వేరే సంగతి.

నేను సందు మొదట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకుని కోడిపేగులు పుల్లకి గుచ్చి కాల్చి అమ్ముతాను. అమెరికా నావికులు ఇక్కడున్న రోజుల్లో బ్యాండులో పాడేదాన్ని. కాబట్టి ఆంప్లిఫయర్ల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. మనుషుల గురించైతే అసలే చెప్పక్కర్లేదు, ఎవరేమన్నా సగమే నమ్ముతాను. ఇది మాత్రం ఇద్దరి నోట విన్నాను. ఒకరి మాట ఒకరికి గిట్టని ఆ ఇద్దరూ పొల్లుపోకుండా ఒకటే చెప్పారు.

బెర్నాబే పాతకాలం నమూనా గాజు వాల్వుల ఆంప్లిఫయర్లు ఇంట్లోనే కట్టేవాడు. పాడైనవి బాగుచేసేవాడు. ఓడల్లోంచి విప్పి పారేసిన రేడియో సామాను తుక్కు కొట్లో ఏరుకొచ్చి, చెక్కపెట్టె తనే కోసుకుని, రాత్రనక పగలనక టంకం పెడుతూ కూర్చునేవాడు. నేను పాడిన పెట్టె కూడా అతను కట్టిందే, దాని గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. చేతి కింద సాయం బావమరిది డెల్ఫిన్. బెర్నాబే భార్య లిగాయాకి స్వయానా తమ్ముడు. బావా బావమరుదులు రోజంతా తిట్టుకునేవాళ్ళు, అన్నం మాత్రం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు.

ఆ పెట్టెలకి ఒక పాడు గుణం ఉంది. ప్లగ్గు పీకేసినా లోపలి కండెన్సరు డబ్బాల్లో కరెంటు దాక్కుని ఉంటుంది. తెలియక వేలు పెడితే ఈడ్చి కొడుతుంది. అందుకని ముందు స్క్రూడ్రైవరుతో డబ్బా మీది రెండు కొమ్ముల్నీ కలిపి ఆ కరెంటుని దించాలి. టప్పుమని నిప్పురవ్వ లేస్తుంది. దించినవాడు "దించేశా" అని పైకి అనాలి, ఆ మాట వినపడ్డాకే రెండోవాడు చెయ్యి పెట్టాలి. బెర్నాబే ఇంట్లో అదే కట్టుబాటు.

ఒక ఆదివారం మధ్యాహ్నం... బార్లో వాయించే పెద్ద బేస్ ఆంప్లిఫయర్ ఒకటి బల్ల మీద విప్పి పడుంది. డెల్ఫిన్ డబ్బా దించాడు. దించేశానన్నాడు. బెర్నాబే విన్నాడు, వంటింట్లో ఉన్న లిగాయా కూడా వింది. చేపల పులుసు చల్లారిపోతోందని ఆవిడ కేకేస్తే ఇద్దరూ వెళ్ళి తిన్నారు. తిన్నాక బెర్నాబే ఒక్కడే వచ్చి ఎత్తు పీట మీద కూర్చుని డబ్బా మీద చెయ్యి వేశాడు.

అంతే... వెనక్కి పడ్డాడు. తల గుమ్మం రాతికి తగిలింది. మళ్ళీ లేవలేదు.

లిగాయా పరుగెత్తుకొచ్చేసరికి డెల్ఫిన్ కొయ్యలా నిలబడి ఉన్నాడట. ఆవిడ ఏడవలేదు. తమ్ముడి మొహంలోకి చూసి, దించకుండానే నోటి అలవాటుగా అనేశావు కదూ అంది. అంతే, తమ్ముడితో మాట ఆపేసింది. ఇంటికి తాళం వేసి, కూతురు రొవీనాని తీసుకుని బజారు వెనక అద్దె గదుల్లోకి వెళ్ళిపోయింది. బజారులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా తమ్ముడే చంపాడని చెప్పేది. ఊరు ఊరుకుంటుందా, అతన్ని చూసే చూపే మారిపోయింది. బావ ఉంటే తను పెద్దవాడు కాలేడని కావాలనే వదిలేశాడని కొందరు. నిజం చెప్పొద్దూ, ఒకప్పుడు నాకూ అనిపించింది.

డెల్ఫిన్ ఆంప్లిఫయర్ ముట్టుకోవడం మానేశాడు. ఫ్యాన్లు, రైస్ కుక్కర్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఒకసారి తాగొచ్చి నా పొయ్యి పక్కన కూర్చుని, "పిన్నీ, దించాననే అనుకుంటున్నా. కానీ ఆ రవ్వ కళ్ళారా చూశానా అంటే... రోజుకి పదిసార్లు చూసేవాణ్ణి, ఏది ఏరోజుదో ఏం చెప్పను?" అన్నాడు. వాడికి వాడి మీదే నమ్మకం పోయింది. డబ్బులడక్కుండా ఒక పుల్ల వాడి చేతిలో పెట్టాను.

ఇలా ఏళ్ళు గడిచాక, ఈమధ్యే రొవీనాకి పెళ్ళి కుదిరింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల కాపురం తండ్రి ఇంట్లోనే అనుకున్నారు. నాన్న లేడు కాబట్టి చర్చిలో మేనమామే తనని నడిపించాలని ఆ పిల్ల పట్టుబట్టింది. లిగాయా అగ్గిమీద గుగ్గిలమైంది. మీ నాన్నని చంపిన చెయ్యి పట్టుకుని నడుస్తావా అంది. మామయ్య రాకపోతే నేనూ చర్చికి రానని పిల్ల మొండికేసింది. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు బందు.

అయినా కాపురానికి ఇల్లు ఖాళీ చెయ్యాలి, బల్ల మీద అలాగే ఉండిపోయిన ఆ బేస్ పెట్టెని వదిలించుకోవాలి. పక్కనున్న ఏంజెలెస్ ఊరి నుంచి ఆర్నెల్ అనే గిటారిస్టు కబురంపాడు. తన వంటింట్లో ఇలాంటివే కట్టుకుంటాడట. మోగితేనే తీసుకెళ్తానన్నాడు. దాన్ని తెరిచే ధైర్యం ఊళ్ళో ఇంకెవరికీ లేదు, డెల్ఫిన్‌నే పిలవాల్సొచ్చింది. లిగాయా సరేనంది, కానీ తనూ అక్కడే ఉంటానంది. తమ్ముడు ఏదో ఒకటి మాయం చేసి ఆనాటి తప్పు కప్పిపుచ్చుకుంటాడని ఆవిడ అనుమానం.

సందె వేళ తాళం తీశారు. డెల్ఫిన్ విప్పి ఉన్న తీగలన్నీ కలిపి ప్లగ్గు పెట్టాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి, కిటికీలోంచి ఆ వెలుగు మెట్ల మీద పడింది. ఆర్నెల్ తీగ మీటగానే ఇల్లంతా మోగింది. కిందినుంచి చూసినవాళ్ళు చెప్పులు వదిలేసి పరుగో పరుగు. ఆర్నెల్‌కి మాత్రం పెట్టె నచ్చింది. బరువెక్కువ, డబ్బాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ విప్పితే తప్ప ఈ మెట్లు దింపలేం, మీరు విప్పుతూ ఉండండి, ఈలోగా తినొస్తానని నా పొయ్యి దగ్గరికి వచ్చాడు. దెయ్యం కనపడిందా నాయనా అని అడిగితే, ఆకలి తప్ప ఏమీ కనపడలేదన్నాడు.

లోపల అక్కా తమ్ముడూ మిగిలారు.

డెల్ఫిన్ ప్లగ్గు పీకి పక్కన పడేశాడు. అన్నిటికన్నా పెద్ద డబ్బాని, కొమ్ములు ముట్టకుండా, తీగల్లోంచి విడదీసి బల్ల మీద నిలబెట్టాడు. ఆనాటి డబ్బా అదే. సరిగ్గా అప్పుడే... ఊరంతా కరెంటు పోయింది.

లిగాయా కొవ్వొత్తి వెలిగించింది.

డెల్ఫిన్ స్క్రూడ్రైవరు తీశాడు. "అక్కా, దగ్గరికొచ్చి చూడు," అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత అక్కతో అన్న మొదటి మాట.

ఆవిడ వచ్చింది, చూసింది. రెండు కొమ్ములూ కలిశాయి — టప్! నీలంగా రవ్వ లేచింది. వాడు ఇంకోసారి ఆనించాడు. ఏమీ లేదు. "దించేశా," అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే లిగాయా లోపల ఏదో తెగింది. ఏళ్ళ తరబడి మింగినదంతా కక్కేసింది. ఆరోజు కూడా ఇలాగే అన్నావు, ఇదే గొంతుతో అన్నావు అంది. ఆయన పోయాక ఎలా బతికిందీ, పిల్లకి జ్వరమొస్తే ఎవర్నీ పిలవలేక ఎలా ఏడ్చిందీ, అన్నీ. కొవ్వొత్తి కరిగి బల్ల మీదికి కారుతోంది. డెల్ఫిన్ ఎత్తు పీట మీద కూర్చుని తలొంచుకుని విన్నాడు. డబ్బా వాళ్ళిద్దరి మధ్యా అలాగే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. ప్లగ్గు నేల మీద ఉంది, ఊళ్ళో ఎక్కడా దీపం లేదు.

చివరికి ఆవిడ గొంతు తగ్గించి గుసగుసగా అంది. "దించానన్నావుగా. అయితే చెయ్యి పెట్టు."

వాడు అక్క వైపు చూశాడు. ఒక చేత్తోనే ముట్టుకోవాలి, రెండో చెయ్యి ఎక్కడా ఆనకూడదు, అలా అయితే కరెంటు గుండెలోంచి పోదు. బావ నేర్పిన పద్ధతి అది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. కుడి చెయ్యి చాచి రెండు కొమ్ముల మీదా రెండు వేళ్ళు ఆనించాడు...

కొట్టింది.

పీట విరిగిన చప్పుడు, మనిషి పడ్డ చప్పుడు, కొవ్వొత్తి ఆరిపోయింది. చీకటి. లిగాయా తను చూసింది కదా, రవ్వ లేవడం చూసింది, రెండోసారి లేవకపోవడం చూసింది. మరి కొట్టిందెవరు? ఆ గదిలో ఇంకెవరున్నారు?

"డెల్ఫిన్... ఒరేయ్ డెల్ఫిన్..."

కాసేపటికి నేల మీదినుంచి సన్నగా వినపడింది.

"అక్కా... నేను దించాను. నువ్వు చూశావు కదా..."

ఆవిడ తడుముకుంటూ వెళ్ళి తమ్ముడి చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ బయటికి లాక్కొచ్చింది. ఇద్దరూ పడుతూ లేస్తూ మెట్లు దిగారు. సందు మొత్తానికి నా బొగ్గుల వెలుగొక్కటే ఉంది, నేరుగా దాని దగ్గరికే వచ్చిపడ్డారు. లిగాయా నా భుజం పట్టుకుని, ఆయన లోపలే ఉన్నాడు, కొట్టాడు, నేను దగ్గరుండి చెయ్యి పెట్టించాను, అందుకే కొట్టాడు అంది. ట్రాన్స్‌ఫార్మర్ మోత అన్నదాన్ని, నేనే గబగబా శిలువ గుర్తు వేసుకున్నాను.

ఆర్నెల్ మాత్రం పుల్ల కింద పెట్టలేదు. ఏ డబ్బా అని అడిగాడు. ఓడ రేడియోది, లోపల నూనె ఉండేది అన్నాడు డెల్ఫిన్.

"దించాక దాని కొమ్ములకి తీగ చుట్టలేదా?"

"తీగ ఎందుకు?"

ఆర్నెల్ తినడం ఆపేశాడు. వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నూనె డబ్బాలకి ఆ రోగం ఉంది అన్నా. దించి ఊరికే వదిలేస్తే, ఏ మూలో ఇంకిపోయిన కరెంటంతా కూడుకుని మళ్ళీ కొంత ఎక్కుతుంది. దానంతట అదే. ఓడల్లో అయితే ఎప్పుడూ రాగితీగ చుట్టే ఉంచుతారు. తుక్కు కొట్టుకి చేరేలోపు ఆ తీగ ఎవరో ఒకరు విప్పి అమ్ముకుంటారు." కాస్త ఆగి అన్నాడు. "చచ్చేంతేమీ ఉండదు. అదిరిపడేంత ఉంటుంది."

అదిరిపడేంత. ఎత్తు పీట మీదినుంచి వెనక్కి పడడానికి అది చాలు.

డెల్ఫిన్ నేల మీద కూలబడ్డాడు. మోకాళ్ళలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు లిగాయా మీద ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికైనా నోరు తెరిచి ఒక మాట అనవే మహాతల్లీ అని అరవబోయాను. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

ఆవిడ తమ్ముడి పక్కన చతికిలబడింది. వాడి కుడి చెయ్యి లాక్కుని బొగ్గుల వెలుగులో వేళ్ళు ఒక్కొక్కటే తిప్పి చూసింది. రెండు వేళ్ళ కొసలు తెల్లగా పొక్కాయి. వాటి మీద ఊదింది, చాలాసేపు ఊదింది. నన్ను క్షమించరా అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"పెళ్ళికి తొడుక్కోడానికి మంచి చొక్కా ఉందట్రా నీకు?" అంది.

వాడు లేదని తలూపాడు.

"మీ బావది పెళ్ళి చొక్కా ఉంది. రేపొచ్చి తొడుక్కుని చూడు, నీకు సరిపోతుంది."