సెట్టింగ్స్‌లో రెండు లైన్లు ఎక్కువ

"నీ భార్య శత్రువుల్లో కలిసిపోయింది."

చీఫ్ ఆ మాట అనేసి టీ కప్పు కింద పెట్టాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ముంగిస కుర్చీ అంచుకి జరిగాడు. ఉద్యోగరీత్యా చీఫ్ అతనికి బాసు. బంధుత్వం ప్రకారం భార్యకి సొంత బాబాయి. ఆ వార్త ఇంకెవరు చెప్పినా ముంగిస వాళ్ళ కాలర్ పట్టుకునేవాడే.

"మైనా ఎక్కడుంది సార్?"

"రైల్వే సిగ్నల్స్‌కి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో డిజైనర్‌గా చేరింది. అక్కడి హెడ్ ప్రోగ్రామర్‌ని అందరూ మాస్టారు అంటారు. ఇద్దరూ విదేశీ ముఠా మనుషులే."

'ఇద్దరూ' అన్న మాట దగ్గరే ముంగిస బుర్ర ఆగిపోయింది. తనూ ఈ శాఖ ఏజెంటే కదా, ఎనిమిది నెలల క్రితం 'డ్యూటీ మీద వెళ్తున్నా' అని సూట్‌కేసు సర్దుకున్న మనిషి! ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇదన్నమాట సంగతి.

"వింటున్నావా?" చీఫ్ బల్ల మీద కొట్టాడు. "కొత్త వెర్షన్ ఇవాళ సాయంత్రం నాలుగింటికి అన్ని స్టేషన్లకీ వెళ్తుంది. టెస్టింగ్‌లో రెండుసార్లు ఎర్రలైటు వెలగాల్సిన చోట పచ్చలైటు వెలిగింది. మనవాళ్ళు కోడ్ అంతా అక్షరం అక్షరం చదివారు. తప్పు దొరకలేదు. ఆధారం లేకుండా ఆపమంటే కంపెనీ వినదు. నువ్వు పట్టుకోకపోతే ఎదురెదురు రైళ్ళు ఒకే పట్టాల మీదికి వస్తాయి."

"వాడు ఎలా ఉంటాడు సార్?"

"ఎవడు?"

"ఆ మాస్టారు."

చీఫ్ నిట్టూర్చాడు. "అందంగానే ఉంటాడోయ్. నువ్వు కేసు చూడు."

పదకొండున్నరకల్లా ముంగిస కొత్త ప్రోగ్రామర్ వేషంలో ఆ ఆఫీసులో ఉన్నాడు. పెట్టుడు మీసం, కెమెరా బిగించిన కళ్ళజోడు, మెళ్ళో దొంగ ఐడీ కార్డు. వేషానికి వంక పెట్టడానికి లేదు. కడుపులో మంటకే ఏ మేకప్పూ పనిచెయ్యలేదు.

ఎందుకంటే చీఫ్ చెప్పింది అబద్ధం. మాస్టారు అందంగా లేడు, చాలా అందంగా ఉన్నాడు. ఆరడుగుల మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా, నవ్వితే బుగ్గన సొట్ట. అతని కుర్చీ వీపు మీద చెయ్యి వేసి మైనా నిలబడి ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, చెవులకి పొడుగాటి లోలాకులు. తనతో ఉన్నప్పుడు ఒక్కనాడు పెట్టుకుందా ఆ లోలాకులు?

ముంగిస దగ్గరికెళ్ళి డిపార్ట్‌మెంట్ కోడ్ మాట వదిలాడు. "ఇక్కడ ఏసీ మరీ చల్లగా ఉందండీ."

మనవాళ్ళయితే 'శాలువా తెచ్చుకోండి' అనాలి. మైనా అతన్ని ఎగాదిగా చూసింది. "మీ సీటు ఆ మూల. వెళ్ళి పని చూసుకోండి."

మాస్టారు పకపకా నవ్వాడు. ముంగిస చెవులు కాలిపోయాయి.

మూల సీట్లో కంపెనీ ఇచ్చిన కొత్త లాప్‌టాప్ తెరిచి, సిగ్నల్ ప్రాజెక్ట్‌ని కోడ్ ఎడిటర్‌లో ఓపెన్ చేశాడు. అంతే, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాడు. సిరా రంగు బ్యాక్‌గ్రౌండ్. పదిహేడు సైజు అక్షరాలు. మిణుకుమనకుండా నిలబడే కర్సర్. ట్యాబ్ నొక్కితే మూడు స్పేసులు! లోకంలో అందరూ రెండో నాలుగో పెట్టుకుంటారు. మూడు పెట్టుకునేది ముంగిస ఒక్కడే. పెళ్ళయిన కొత్తలో ఓ ఆదివారం మైనా పక్కన కూర్చుని, 'నీ చత్వారానికి ఇది, నీ చాదస్తానికి ఇది' అని వెక్కిరిస్తూ ఒక్కో లైనూ రాసిపెట్టిన సెట్టింగ్స్ అవి.

నా కోసమే పెట్టింది! నేనొస్తానని తెలిసి పెట్టింది!

"బాగున్నాయి కదండీ రంగులు?" అంది పక్క సీటు టెస్టరమ్మ. "మాస్టారి కోసం మేడమ్ స్వయంగా సెట్ చేశారు. సెట్టింగ్స్ ఫైలు ప్రాజెక్ట్‌లోనే పెట్టారు కదా, ఎవరు ఓపెన్ చేసినా ఇవే వస్తాయి."

మాస్టారి కోసమా? కళ్ళజోడే లేని మనిషికి పదిహేడు సైజు అక్షరాలెందుకు? మొగుడికి చేసిన ముచ్చటని మక్కీకి మక్కీ దించి పరాయివాడికి పెట్టింది! ఎంత ధైర్యం! కనీసం రంగైనా మార్చొద్దూ?

భోజనానికి లేవలేదు. మూడున్నర దాకా కోడ్ చదివాడు. చదివాడంటే కళ్ళు స్క్రీన్ మీద, చెవులు మాస్టారి కుర్చీ దగ్గర. మైనా మూడుసార్లు నవ్వింది. మాస్టారు ఒకసారి 'మీ చేతి కాఫీ అమృతమండీ' అన్నాడు. రైళ్ళ గండం ముంచుకొస్తుంటే మన ఏజెంటుగారు నవ్వులు లెక్కపెడుతున్నారు.

ఇక ఉండబట్టలేక సెట్టింగ్స్ ఫైలే తెరిచాడు. తన ఇరవై రెండు లైన్లూ అతనికి కంఠతా వచ్చు. ఈ ఫైల్లో ఎన్నున్నాయో లెక్కపెట్టాడు.

ఇరవై నాలుగు.

"వాడికి రెండు ఎక్కువా!" పైకే అనేశాడు. టెస్టరమ్మ ఉలిక్కిపడింది.

పళ్ళు పటపటా కొరుకుతూ ఆ రెండు లైన్లూ చదివాడు. మొదటిది: ఒక ఫైలుని లిస్టులో చూపించొద్దు. రెండోది: సేవ్ కొట్టిన ప్రతిసారీ ఆ ఫైలుని నడిపించు.

ముంగిస లేచి నిలబడిపోయాడు. దాచిన ఫైలు బయటికి తీశాడు. స్టేషన్లకి వెళ్ళే కాపీలో అది ఎరుపుని ఆకుపచ్చ చేస్తుంది. స్క్రీన్ మీది కోడ్ మాత్రం కడిగిన ముత్యంలా ఉంటుంది. మరి నిపుణులకి ఎలా దొరుకుతుంది? అందరూ కోడ్ చదువుతారు. ఎడిటర్ సెట్టింగ్స్ ఎవరు చదువుతారు?

కళ్ళజోడు కెమెరాతో చీఫ్‌కి ఫోటో పంపాడు. గడియారం చూశాడు. మూడూ యాభై ఎనిమిది.

అవతల మాస్టారు ఆఖరి సేవ్ కొట్టడానికి సిద్ధమవుతున్నాడు. సేవ్ కొడితే చాలు, కాపీ తయారై దానంతటదే స్టేషన్లకి వెళ్ళిపోతుంది. వెనకాల మైనా చెయ్యి కుర్చీ మీద అలాగే ఉంది.

"కీబోర్డు వదులు!" ముంగిస పరుగెత్తాడు. సగం దారిలో మీసం ఊడిపోయింది.

మాస్టారు ఎడం చేత్తో డ్రాయర్లోంచి పిస్టల్ తీశాడు. కుడిచేతి వేళ్ళు కీల మీదికి దిగుతున్నాయి. "మా దగ్గర నీ ఫోటో ఉందిలే. లేటయ్యావు ముంగిసా."

సరిగ్గా అప్పుడు మైనా రెండు చేతులతో కుర్చీని వెనక్కి లాగింది. చక్రాల కుర్చీ జర్రున జారింది. మాస్టారి వేళ్ళు గాల్లో టైపు చేశాయి. గుండు సీలింగ్‌కి తగిలింది. మరుక్షణం ముంగిస అతని మీద ఉన్నాడు. గుద్దాల్సిన దానికన్నా నాలుగు గుద్దులు ఎక్కువే గుద్దాడు.

నాలుగు కొట్టింది. ఏ స్టేషన్‌కీ ఏదీ వెళ్ళలేదు.

సంకెళ్ళ కార్యక్రమం అయ్యాక ముంగిస భార్య వైపు తిరిగాడు. "నువ్వు మన పక్షమేనా?"

"ఎప్పుడూ మన పక్షమే. డబుల్ ఏజెంట్‌ని. బాబాయి చెప్పలేదా?"

"శత్రువుల్లో కలిసిపోయావన్నాడు!"

"చెప్తే నీ మొహంలో దాగదని చెప్పుండడు." మైనా కుర్చీలో కూలబడింది. "ఆ రెండు లైన్లు నాచేతే రాయించారు. కాదంటే ప్రాణాలు తీసేవాళ్ళు. ఫోను, మెయిలు, ఆఖరికి నా మాటలు కూడా వాళ్ళు వింటున్నారు. బాబాయి ఎప్పటికైనా నిన్నే పంపుతాడని తెలుసు, అందుకే ఆ రెంటికీ పైన నీ ఇరవై రెండూ పెట్టాను. వేరే ఎవరొచ్చినా రంగులు బాగున్నాయని ఊరుకుంటారు. నువ్వు కుళ్ళుకుని కుళ్ళుకుని లెక్కపెట్టకుండా ఉంటావా?"

"నేనేం కుళ్ళుకోలేదు."

"అవునా?"

"ఆ కుర్చీ మీద చెయ్యి ఎన్నాళ్ళనుంచి?"

మైనా నవ్వింది. ఆ రోజు అది నాలుగో నవ్వు. ఈసారి అతని కోసం. ముంగిసకి ఎందుకో కళ్ళు చెమ్మగిల్లాయి. కెమెరా మసకేసిందని అబద్ధమాడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు రిపోర్టు సమర్పించాడు. 'కుట్రను కనిపెట్టిన విధానం' అన్న గడిలో 'సూక్ష్మ సాంకేతిక పరిశీలన' అని రాశాడు. చీఫ్ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి 'అసూయ' అని దిద్ది, ఈ అర్హత ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే ఇలాంటి కేసులకి దరఖాస్తు చేసుకోమని శాఖంతటికీ సర్క్యులర్ పంపాడు. సాయంత్రానికి నలభై రెండు దరఖాస్తులు వచ్చాయి, తనకన్నా ఒక్కరు కూడా ఎక్కువ అర్హులు కారని ముంగిస నలభై మూడోది పెట్టాడు.