నిచ్చెన బొమ్మ ఉన్న తలుపులు

శనివారం మధ్యాహ్నం వీధిలో బుల్లెట్ పరుగెత్తుతోంది.

పరుగు ఆ పిల్లకు కొత్తేం కాదు. పాల ప్యాకెట్‌కు పంపినా పరుగే, బడికి పంపినా పరుగే. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు హాజరు వేసే టీచరుకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. కానీ ఈరోజు పరుగులో కొంచెం గొప్ప కూడా ఉంది. భుజాన సంచి, సంచిలో కరపత్రాలు. అత్త తనను నమ్మి ఇచ్చిన పని మరి!

అత్త గొడుగు పార్టీలో ఆ వీధికి కార్యదర్శి. బట్టల షాపు పైన ఒక చిన్న గదే పార్టీ ఆఫీసు. రెండు కుర్చీలు, ఒక బల్ల, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. పొద్దున అక్కడే అత్త విషయమంతా చెప్పింది.

"బడి వెనకాల గ్రౌండ్ ఉంది కదే, దాన్ని లారీల పార్కింగ్‌కి ఇచ్చేస్తామంటున్నారు మున్సిపాలిటీ వాళ్ళు. రేపు పొద్దున బడి హాల్లో వీధి సభ పెట్టారు. సగం ఇళ్ళ నుంచైనా మనుషులొచ్చి పార్కింగ్ వద్దని చేతులెత్తితే గ్రౌండ్ మనకి ఉంటుంది. లేకపోతే లారీలకి పోతుంది."

"మా గ్రౌండా!" అంది బుల్లెట్. రోజూ సాయంత్రం తను పరుగెత్తేది అక్కడే. అది పోతే ఇంకెక్కడ పరుగెత్తాలి, వంటింట్లోనా?

"సభ సంగతి నిన్న సాయంత్రమే తెలిసింది. ఇంకా ఎవరికీ తెలీదు. ప్రతి ఇంటికీ కాగితం అందాలి. నీ కాళ్ళ మీదే ఉంది భారమంతా" అంది అత్త.

ఆ వీధిలో ఒక అలవాటుంది. ఎవరు ఏ పార్టీయో తలుపు చూస్తేనే తెలిసిపోతుంది. ఎన్నికలప్పుడు అంటించిన స్టిక్కర్లు ఆ తర్వాత ఎవరూ పీకరు. గొడుగు బొమ్మ ఉంటే గొడుగు పార్టీ, నిచ్చెన బొమ్మ ఉంటే నిచ్చెన పార్టీ. వీధిలో దాదాపు సగం గొడుగులు, సగం నిచ్చెనలు.

బుల్లెట్ మొదట గొడుగు తలుపులు కొట్టింది. "వచ్చావా తల్లీ" అని అందరూ నవ్వుతూ కాగితం తీసుకున్నారు. తర్వాత వచ్చింది డ్రిల్లు మాస్టారి ఇల్లు. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు డ్రిల్లు నేర్పారు. రిటైరయ్యాక వీధిలో నిచ్చెన పార్టీకి పెద్ద ఆయనే. ఆయన తలుపు మీద నిచ్చెన కూడా అందరి కంటే పెద్దదే.

బుల్లెట్ చెయ్యి తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. అత్తా మాస్టారూ రోడ్డు మీద ఎదురుపడితే చాలు, వీధంతా కిటికీల్లోకి వచ్చేస్తుంది. వీధి దీపం వెలగకపోయినా గొడవే, కుళాయి కారినా గొడవే.

"అత్తతో పోట్లాడేవాళ్ళకి అత్త కాగితం నేనెందుకివ్వాలి?" అనుకుంది బుల్లెట్. గిరుక్కున తిరిగి వచ్చేసింది. అక్కడి నుంచి నిచ్చెన కనబడిన ప్రతి తలుపునూ దాటేసింది. పని ఇట్టే అయిపోయింది. మిగిలిన కాగితాలు సంచి అడుగుకు వెళ్ళాయి.

"అయిపోయిందా?" అని అత్త అడిగింది, చెవి దగ్గర ఫోను పెట్టుకునే.

"మనవాళ్ళందరికీ ఇచ్చేశా!"

అత్త ఫోన్లో మాట్లాడుతూనే తలూపింది.

మర్నాడు పొద్దున బడి హాల్లో కుర్చీలన్నీ వరసగా వేశారు. మున్సిపాలిటీ ఆఫీసరు ముందు వరసలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. వెనకాల కుర్చీలు చాలావరకు ఖాళీ. వచ్చిన వాళ్ళంతా గొడుగు వాళ్ళే. గొడుగు వాళ్ళలోనూ కొందరు ఇంకా నిద్ర కళ్ళతో ఇళ్ళల్లోనే ఉన్నారు.

"కాసేపు చూస్తానండీ. జనం రాకపోతే గ్రౌండ్ అక్కర్లేదనే రాసుకోవాలి" అన్నాడాయన.

అత్త ముఖం వాడిపోయింది. బుల్లెట్‌ను పక్కకు పిలిచింది.

"ఇదేంటే, నిచ్చెన వాళ్ళు ఒక్కరూ రాలేదు! డ్రిల్లు మాస్టారు రాకపోవడమేంటి? ఆ గ్రౌండ్ అంటే ఆయనకి ప్రాణం కదా. నువ్వు కాగితం ఇస్తే ఏమన్నారు?"

'రానన్నారు' అనేస్తే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ కిటికీలోంచి గ్రౌండ్ కనబడుతోంది. ఇద్దరు చిన్నపిల్లలు బంతి వెనకాల పడుతూ లేస్తూ పరుగెడుతున్నారు. బుల్లెట్‌కు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"నేను ఇవ్వలేదత్తా. నిచ్చెన ఉన్న ఇళ్ళకి అసలు ఇవ్వలేదు. వాళ్ళు మనవాళ్ళు కాదు కదా అని..."

అత్త నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నేనూ మాస్టారూ ఓట్ల దగ్గర కొట్టుకుంటామే. గ్రౌండ్ దగ్గర కొట్టుకుంటామా? ఇప్పుడెలాగే?"

బుల్లెట్ అప్పటికే గుమ్మం దగ్గరుంది. "ఆఫీసరు గారిని వెళ్ళనివ్వకత్తా!"

"ఎలా ఆపనే?"

"మైకు పట్టుకో!"

మైకు అత్త చేతికొస్తే మళ్ళీ కింద పెట్టదని ఇంట్లో అందరికీ తెలుసు.

బుల్లెట్ దూసుకుపోయింది. సులువైన ఇల్లు ముందు చూసుకోవచ్చు. కానీ నేరుగా డ్రిల్లు మాస్టారి ఇంటికే వెళ్ళి తలుపు దబదబా బాదింది. ఆయన సగం గడ్డం గీసుకుని, సగం నురగతో తలుపు తీశారు.

"ఏమ్మా గొడుగు పిల్లా, దారి తప్పావా?"

"గ్రౌండ్ కోసం సభ జరుగుతోంది మాస్టారూ! మీరు రావాలి. అందరూ రావాలి."

"సభా? ఇవాళా?" మాస్టారి గొంతు పెరిగింది. "మాకు మాట మాత్రమైనా చెప్పకుండానా? పేరంతా తనకే రావాలని మీ అత్త ఎత్తు వేసిందన్నమాట!"

"కాదు మాస్టారూ. అత్త అందరికీ ఇమ్మంది. నేనే ఇవ్వలేదు. మీ తలుపు మీద నిచ్చెన చూసి వెళ్ళిపోయాను. తప్పు నాదే. తర్వాత ఎంత తిట్టినా పడతాను, ముందు రండి!"

మాస్టారు ఆ పిల్లను ఎగాదిగా చూశారు. చటుక్కున లోపలికి వెళ్ళిపోయారు. ఇక రారనుకుంది బుల్లెట్. కళ్ళు తుడుచుకుని పక్కింటి వైపు తిరిగింది.

వెనకాల కీచుమని విజిల్ మోగింది.

మాస్టారు! మెళ్ళో పాత విజిలు, ముఖాన అదే నురగ. "ఏడుస్తూ నిలబడితే ఎలా? నువ్వు ఎడమ పక్క, నేను కుడి పక్క. కదులు!"

ఆ పొద్దున జరిగిన హడావిడి ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. ఒక పక్క విజిలు, ఇంకో పక్క తలుపుల మీద దబదబా. వెల్డింగ్ షాపు ఆయన నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని బయటికొచ్చాడు. ఒకావిడ పిండి చేతులతోనే బయల్దేరింది. ఇంకొకావిడ చంటిపిల్లను చంకనేసుకుంది. నిద్ర లేవని గొడుగు వాళ్ళు కూడా ఈ గోలకు లేచి వెంటపడ్డారు.

హాల్లో అత్త మాట్లాడుతూనే ఉంది. గ్రౌండ్ చరిత్ర అయిపోయింది. ఏ పిల్లాడు ఏ మూల పడి ఏ పన్ను ఊడగొట్టుకున్నాడో చెబుతోంది. ఆఫీసరు లేవబోయి మళ్ళీ కూర్చుంటున్నాడు.

అప్పుడు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. జనం బిలబిలమంటూ లోపలికొచ్చారు. కుర్చీలు చాల్లేదు. కొందరు కిటికీలెక్కారు, కొందరు గోడకు ఆనుకున్నారు.

"గ్రౌండ్ కావాలన్న వాళ్ళు చేతులెత్తండి" అన్నాడు ఆఫీసరు.

హాలంతా చేతులే. పిండి చేతులు, మసి చేతులు, గాజుల చేతులు. అందులో ఏది గొడుగో ఏది నిచ్చెనో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆఫీసరు కొంతదాకా లెక్కపెట్టి, నవ్వేసి, కలం మూశాడు.

"చాలు, దించండి బాబూ. గ్రౌండ్ మీదే!"

హాలు దద్దరిల్లిపోయింది. బుల్లెట్ గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. అంత సంతోషం పరుగు పందెంలో మొదటి బహుమతి వచ్చినప్పుడు కూడా కలగలేదు.

"మాస్టారూ, మీ సగం గడ్డం అలాగే ఉంది" అంది అత్త నవ్వుతూ.

"ఉండనీ. గ్రౌండ్‌కి లైట్లు మాత్రం మా పార్టీయే వేయిస్తుంది!"

"మీరెలా వేయిస్తారు? మేం వేయిస్తాం!"

మళ్ళీ మొదలు. ఈసారి వాళ్ళ గొడవ వింటూ బుల్లెట్ పడీ పడీ నవ్వింది.

మరుసటి శనివారం బుల్లెట్ భుజాన మళ్ళీ సంచి ఎక్కింది. ఆదివారం పొద్దున అందరూ కలిసి గ్రౌండ్ శుభ్రం చెయ్యాలి. ఈసారి ఒక్క తలుపూ దాటలేదు. మాస్టారికి ఇచ్చింది, పక్కింటికి ఇచ్చింది, ఆ పక్కింటికీ ఇచ్చింది.

వీధి చివర ఒక ఇంటికి మేడ మీద గది ఉంది. ఆ తలుపు మీద గొడుగూ లేదు, నిచ్చెనా లేదు. ఈ మధ్యే అద్దెకు దిగిన వాళ్ళు. ఏ పార్టీ వాళ్ళూ ఆ మెట్లెక్కలేదు.

బుల్లెట్ చకచకా మెట్లెక్కి తలుపు తట్టింది. ఒకావిడ కొంచెమే తలుపు తీసి, బుల్లెట్ చేతిలోని కాగితాలు చూసింది.

"మాకు ఇక్కడ ఓటు లేదమ్మా" అంది.

"ఓటుకి రాలేదండీ. రేపు పొద్దున మన గ్రౌండ్ శుభ్రం చేస్తున్నాం. మీరూ రావాలి."

"మన గ్రౌండా?" ఆవిడ కాగితం తీసుకుని నిదానంగా చదివింది. ఈసారి తలుపు పూర్తిగా తీసింది. ఆవిడ వెనక నుంచి ఒక చిన్న పాప తొంగిచూసింది.

"అక్కా, నేను కూడా అక్కడ పరుగెత్తొచ్చా?"

"నీకెంత కావాలంటే అంత!" అంది బుల్లెట్. "రేపు పొద్దున వచ్చి నేనే తీసుకెళ్తా."

రేపటి దాకా ఆగే ఓపిక ఆ పాపకు ఉన్నట్టు లేదు. అప్పుడే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది.