వాన పడకుండా నిండిన డబ్బా

మాధవరంలో మా మిద్దె మీద వాన కొలిచేది నేనే. జీతం లేదు, ఇష్టం కొద్దీ చేసే పని. పొద్దున్నే మిద్దెక్కి, డబ్బాలో పడిన నీళ్లను గీతల గ్లాసుతో కొలిచి, వాతావరణం గ్రూపులో పెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. పారబోయకపోతే మర్నాటి లెక్క తప్పుతుంది. అంతే.

ఆ డబ్బా పైవాటాలో ఉండే సెలీనా ఆంటీ ఇచ్చింది. ఆమె భర్త జెబరాజ్ గారిది. వరదొచ్చిన ఏడాది కిందివాటాలో, అంటే ఇప్పుడు నేనూ అవ్వా ఉంటున్న ఇంట్లోనే, ఆయన నీళ్లలో మునిగి చనిపోయాడు. డబ్బా ఇస్తూ ఆంటీ ఒకే మాట చెప్పింది: వాన పడకుండా నీళ్లుంటే మాత్రం పారబోయొద్దని. ఎందుకని అడిగితే లోపలికెళ్లిపోయింది. కారణం చెప్పలేని మాటను కాలేజీ డిబేట్లలోనే వదిలిపెట్టలేదు నేను, మిద్దె మీద వదులుతానా?

తుపాను రేపు తీరం దాటుతుందనగా, ఆ సాయంత్రం ఆకాశం నల్లబడింది గానీ చినుకు లేదు. మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గ్యాసు వాసన. గాలి ఒకచోట నిలవడం లేదు, నా కాలూ నిలవడం లేదు. అవ్వకి మోకాళ్లు పనిచేయవు. మంచం దిగాలన్నా నా భుజం కావాలి. పైవాటాకి మోసుకెళ్తానంటే రేపు చూద్దాంలే, సుమ్మా ఊరికే ఉండమంది.

గాలికి డబ్బా పడిపోకుండా ఇటుకలు పెడదామని మిద్దెక్కాను.

నేల పొడిగా, ఇంకా వెచ్చగా ఉంది. డబ్బా నిండా నీళ్లు.

ఎవరో ఆకతాయి పని. వంగి వాసన చూశాను. కాలవ బురద... తడిసిన పరుపు... కిరసనాయిలు. వాన నీళ్లకి ఈ వాసన ఉండదు. ఒక గ్లాసు కొలిచి ఒంపేశాను.

కాళ్ల దగ్గర తడి కాలేదు. చప్పుడు మాత్రం వినిపించింది. కింద... మా గదిలో.

"ఎవురు మే, ఈడ నీళ్లు పోసేది?" అవ్వ గొంతు మెట్ల మీదుగా వచ్చింది.

డబ్బా చూశాను. అంతే నిండుగా ఉంది. ఏదో పైపు కారుతోందని నాతో నేనే వాదించుకుని ఇంకో గ్లాసు ఒంపాను. ఇంకోటి. దాన్ని ఖాళీ చేసి తీరాలని పంతం.

"మైత్రీ... మోకాళ్లకొచ్చె."

అప్పటికే ఇంకో గ్లాసు ఒంపేశాను.

"నడుముకొచ్చె మే..."

సగం నిండిన గ్లాసు చేతిలో ఉండగానే పరిగెత్తాను. ఆంటీ తలుపు తీసి నిలబడి ఉంది. నన్ను చూడలేదు, గ్లాసు చూసింది.

"ఒలకనీయొద్దు," అంది గుసగుసగా.

కింద మా గదిలో నేల పొడి. చాప కూడా తడవలేదు. మంచం ఖాళీ.

"ఈడుండా."

అవ్వ బీరువా మీద కూర్చుని ఉంది. నడుము దాకా చీర తడిసి, కొంగులోంచి బురద కారుతోంది. ఎలా ఎక్కావని అడిగాను.

"సెలీనా వాళ్లాయన ఎత్తి కూర్చోబెట్టినాడు," అంది మెల్లగా. "ఆయనకి మెడదాకా వచ్చేసె, పాపం. నీ చేతిలోది పోయొద్దని చెప్పమన్నాడు."

బయట పక్కింటి రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.

గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాను. నా తల మీద కప్పు ఉంది. ఒక్క చుక్క కారడం లేదు.

గ్లాసులో నీళ్లు ఒక్కో గీతా దాటి... పైకొస్తున్నాయి.